కరువు, కాలువ, కృతజ్ఞత: ఒంగోలు ప్రాంత క్రైస్తవ సంఘ చరిత్రలో విశ్వాస భావన (1876–1878)

వ్యాస సంగ్రహం:

1876–78 మధ్య మద్రాసు రాజధానిని పీడించిన మహాక్షామం తెలుగు ప్రాంతాల సామాజిక చరిత్రలో ఒక మలుపు. ఆ కరువు ముగిసే దశలో, 1878 జూలై నెలలో, ఒంగోలు సమీపాన గుండ్లకమ్మ నదిలో వేలమంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఈ సంఘటనను మిషనరీ రచనలు దైవకార్యంగా కీర్తించాయి. విమర్శకులు తిండి కోసం జరిగిన మతమార్పిడిగా కొట్టివేశారు. ఈ రెండు వాదనలూ మారినవారి కృతజ్ఞతను, నమ్మకాన్ని విడిగా పరిశీలించలేదు. ‘విశ్వాసం’ అనే మాటకు తెలుగులో ఉన్న రెండు అర్థాలను ఆధారం చేసుకొని, కష్టకాలంలో ఒంగోలు క్రైస్తవ సంఘం దైవంపై పెట్టుకున్న నమ్మకం, ఆ నమ్మకం నుంచి పుట్టిన కృతజ్ఞత ఎలాంటివో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: ధాత కరువు, ఒంగోలు, బకింగ్‌హాం కాలువ, మాదిగలు, జాన్ ఎవరెట్ క్లౌ, విశ్వాసం, కృతజ్ఞత.

1. ప్రవేశిక:

కష్టకాలంలో దేవునికి కృతజ్ఞత చెప్పడం క్రైస్తవ బోధలో ప్రధానమైన అంశం. పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన మొదటి పత్రికలో (5:18) ప్రతి పరిస్థితిలోనూ కృతజ్ఞత కలిగి ఉండాలని ఉపదేశించాడు. హబక్కూకు ప్రవచన గ్రంథం చివర (3:17–18) చెట్లు కాయకపోయినా, పొలం పండకపోయినా, దొడ్డి ఖాళీ అయినా దేవునియందే సంతోషిస్తానన్న ప్రవక్త నిర్ణయం కనిపిస్తుంది. ఈ వాక్యాలను వ్యాఖ్యానించిన ధర్మోపదేశాలు కోకొల్లలు. అయితే పొలం నిజంగా పండనప్పుడు, దొడ్డి నిజంగా ఖాళీ అయినప్పుడు, ఒక నిర్దిష్ట జనసమూహం ఈ భావాన్ని ఎలా అనుభవించింది అన్నది వేరే ప్రశ్న. దీనికి సమాధానం వేదాంతంలో కంటే చరిత్రలో వెతకాలి.

అలా వెతకడానికి తెలుగునేలపై తగిన సందర్భం ఒంగోలు. ఇక్కడ కరువు, కూలిపని, మతాంతరీకరణ ఒకే కాలంలో, ఒకే ప్రజల జీవితంలో కలిశాయి. అందుకే ఇక్కడ కృతజ్ఞత అనుమానానికి గురైంది. ఆకలితో ఉన్నవాడు అన్నం పెట్టినవాడి దేవుణ్ణి నమ్మితే అది నమ్మకమా, అవసరమా? ఈ ప్రశ్న 1878లోనే పుట్టింది. ఇప్పటికీ దళిత క్రైస్తవుల గురించి జరిగే చర్చల్లో ఏదో ఒక రూపంలో వినిపిస్తూనే ఉంది. కాబట్టి దీనిని ఆధారాలతో పరిశీలించవలసిన అవసరం ఉంది.

2. ధాత కరువు – చారిత్రక నేపథ్యం:

1876లో రుతుపవనాలు విఫలమయ్యాయి. తెలుగు సంవత్సరాల లెక్కలో అది ధాత నామ సంవత్సరం. అందువల్ల ఆ క్షామానికి ‘ధాత కరువు’ అన్న పేరు వచ్చింది. 1877లోనూ పరిస్థితి చక్కబడలేదు. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు దెబ్బతిన్న ప్రాంతాలలో ఉన్నాయి. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో భాగం. 1871, 1881 జనాభా లెక్కలను పోల్చితే కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గినట్టు తెలుస్తుంది. దక్షిణ, పశ్చిమ భారతదేశాల్లో ఈ కరువు వల్ల మరణించినవారు 50 లక్షలకు పైబడి ఉంటారని చరిత్రకారుల అంచనా.

వైస్రాయి లిట్టన్ 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించే దర్బారు జరిపాడు. అదే నెలలో, కరువు సహాయవ్యయాన్ని తగ్గించే బాధ్యతతో సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానికి వచ్చాడు. సహాయపు పనుల్లో ఉన్న వయోజన పురుషునికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై స్వల్పమైన నగదు చాలునని ఆయన నిర్ణయించాడు. ఇది ‘టెంపుల్ కూలీ’గా అపఖ్యాతి పొందింది. ఆ తిండితో కష్టపడి పనిచేసే మనిషి బతకలేడని మద్రాసు పారిశుధ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ వాదించాడు. ఈ వివాదాన్ని, కరువు నిర్వహణ తీరును విలియం డిగ్బీ 1878లో ప్రచురించిన తన గ్రంథంలో విస్తారంగా నమోదు చేశాడు. ఇటీవలి కాలంలో మైక్ డేవిస్ ఇదే కరువును సామ్రాజ్య విధానాల దృష్టితో పునఃపరిశీలించాడు.

ఈ నేపథ్యం ప్రస్తుత చర్చకు ఎందుకు అవసరమంటే, ఒంగోలు ప్రజల ముందున్న కష్టం కేవలం వానలు లేకపోవడం కాదు. ధాన్యం ధర అందనంత పెరిగింది. పనికి వెళితే వచ్చే కూలీ ప్రాణం నిలబెట్టడానికి చాలదు. ప్రభుత్వం మీద, ప్రకృతి మీద, గ్రామంలోని పెద్దరైతు మీద ఉన్న ఆశలు మూడూ ఒకేసారి సడలిపోయిన స్థితి అది.

3. కరువుకు ముందు ఒంగోలు సంఘం:

1878 నాటి బాప్తిస్మాలు కరువు నుంచి అకస్మాత్తుగా పుట్టుకొచ్చినవి కావు. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో శామ్యూల్ డే రాకతో మొదలై, 1840లో నెల్లూరులో స్థిరపడింది. తొలి దశాబ్దాలలో మారినవారు బహుకొద్దిమంది. ఈ మిషనును మూసివేయాలన్న ప్రతిపాదన అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. 1853లో అలాంటి చర్చ జరిగినప్పుడు శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఒక కవిత రాశాడు. దాని నుంచే ఈ మిషనుకు ‘ఒంటరి నక్షత్రం’ అన్న పేరు స్థిరపడింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, తెలుగు విశ్వాసులు కొందరు, మొత్తం ఐదుగురు, ఒంగోలు పక్కనున్న కొండపై ప్రార్థించారు. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండగానే స్థానిక క్రైస్తవులు గుర్తుంచుకున్నారు.

జాన్ ఎవరెట్ క్లౌ 1865లో నెల్లూరు చేరి, 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. ఆయన అమెరికాలో భూముల సర్వే పనిలో అనుభవం గడించినవాడు. ఆ అనుభవం పదకొండేళ్ల తరువాత ఊహించని విధంగా ఉపయోగపడింది. 1866లోనే తాళ్లకొండపాడు గ్రామానికి చెందిన యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. పేరయ్య మాదిగ కులస్థుడు. అంతకుముందు రాజయోగ సంప్రదాయంలో సాధన చేసినవాడు. సత్యాన్వేషణలో భాగంగా ఆయన క్రైస్తవాన్ని చేరుకున్నాడు. ఒంగోలు మాదిగలలో వచ్చిన కదలికకు ఆద్యుడు ఆయనే. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల జీవితంపై ప్రచురించిన పుస్తకంలో ఈ పూర్వరంగం విపులంగా ఉంది.

మాదిగలు సంఘంలో చేరడం మొదలుపెట్టగానే, అప్పటిదాకా ఆసక్తి చూపిన అగ్రవర్ణాలవారు దూరమయ్యారు. వారిని నిలుపుకోవడానికి మాదిగలను వద్దనాలా అన్న ప్రశ్న క్లౌ ముందుకొచ్చింది. దేవుడు లోకంలో బలహీనులను, తృణీకరింపబడినవారిని ఏర్పరచుకున్నాడన్న కొరింథీ పత్రికలోని భాగం (1 కొరింథీయులకు 1:26–29) తన సందేహాన్ని తీర్చిందని ఆయన చెప్పుకున్నాడు.

సంఘంలో చేరేవారికి ఆయన ప్రధానంగా మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహారాధన చేయరాదు. వినడానికి ఇవి మతనియమాలే. గ్రామజీవితంలో మాత్రం ఇవి ఆర్థిక నియమాలుగా పనిచేశాయి. ఆదివారం పనికి రానన్న మాదిగ, జాతరలో డప్పు కొట్టనన్న మాదిగ, గ్రామపెద్దల ఆగ్రహానికి గురయ్యాడు. కొన్నిచోట్ల పని పోయింది, కొన్నిచోట్ల నీళ్లకూ దారికీ ఆటంకాలు కలిగాయి. అంటే కరువుకు పదేళ్ల ముందు నుంచే ఈ ప్రాంతంలో క్రైస్తవ విశ్వాసానికి మూల్యం చెల్లించడం ఉంది. లాభాపేక్ష ఒక్కటే మతాంతరీకరణకు కారణమన్న వాదన మొదట సమాధానం చెప్పవలసింది ఈ దశకు.

4. ‘విశ్వాసం’ – తెలుగులో రెండు అర్థాలు:

ఇక్కడ ఒక భాషాపరమైన పరిశీలన అవసరం. తెలుగు క్రైస్తవులు దైవంపై నమ్మికకు వాడే ప్రధాన పదం ‘విశ్వాసం’. సంఘసభ్యుణ్ణి ‘విశ్వాసి’ అంటారు. అయితే వాడుకలో ఇదే మాటకు మరో అర్థం ఉంది. అన్నం పెట్టినవాడిపట్ల చూపవలసిన విధేయతను కూడా తెలుగువారు విశ్వాసమే అంటారు. ‘తిన్న ఇంటి విశ్వాసం’, ‘ఉప్పు తిన్న విశ్వాసం’, ‘కుక్కకున్న విశ్వాసం’ అన్న మాటలు ఇందుకు ఉదాహరణలు. ఆ విశ్వాసం లేనివాణ్ణి తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడని నిందిస్తారు.

ఈ రెండో అర్థంలో విశ్వాసం, కృతజ్ఞత దాదాపు ఒక్కటే. ‘కృతజ్ఞుడు’ అంటే చేసిన మేలును ఎరిగినవాడు అని వ్యుత్పత్తి. ఎరగడమంటే మనసులో ఉంచుకోవడం, సమయం వచ్చినప్పుడు తీర్చుకోవడం. గ్రామ వ్యవస్థలో ఈ ఎరుక అందరికీ సమానంగా వర్తించలేదు. మాదిగ కుటుంబం రైతుకు చెప్పులు, మోటతోళ్లు, పగ్గాలు సమకూర్చేది. పొలంలో పనిచేసేది. ప్రతిఫలంగా కోతల కాలంలో కళ్లం దగ్గర ‘మేర’ పేరుతో ధాన్యం అందుకునేది. నిజానికి అది చేసిన పనికి వచ్చిన వాటా. కానీ పుచ్చుకునే తీరు మాత్రం దానం పుచ్చుకున్నట్టు ఉండేది. శ్రమ మాదిగది, కృతజ్ఞత కూడా మాదిగే చూపాలి. రైతు తన కాలికున్న చెప్పును ఎరిగి కృతజ్ఞత చూపే ఆచారం ఎక్కడా లేదు.

ధాత కరువు ఈ ఏర్పాటును దెబ్బతీసింది. పండని కళ్లం దగ్గర మేర లేదు. ఇవ్వవలసినవాడు ఇవ్వలేని స్థితికి వచ్చినప్పుడు, అతనిపట్ల చూపవలసిన విశ్వాసానికీ పునాది పోయింది. సరిగ్గా ఆ ఖాళీలోనే ‘విశ్వాసం’ అన్న మాట రెండో దిక్కుకు, అంటే దైవం వైపుకు, కొత్త బలంతో తిరిగింది. అయితే ఇక్కడే చిక్కు ఉంది. మధ్యలో మిషనరీ ఉన్నాడు. కూలి ఇప్పించినవాడూ ఆయనే, బోధించినవాడూ ఆయనే. మాదిగల విశ్వాసం దేవుని మీదా, కొత్త దొర మీదా? తరువాతి సంఘటనలను ఈ ప్రశ్నతో చదవాలి.

5. కాలువ పని – కూలి, మాట:

కరువు సహాయంలో భాగంగా తీరం వెంబడి సాగే కాలువ తవ్వకాన్ని ప్రభుత్వం చేపట్టింది. నాటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరనే అది బకింగ్‌హాం కాలువ అయింది. సహాయపు పనుల వద్ద తన సంఘస్థులు పడుతున్న ఇబ్బందులు చూసి, క్లౌ 1877లో సుమారు మూడున్నర మైళ్ల కాలువ తవ్వకాన్ని స్వయంగా కాంట్రాక్టు తీసుకున్నాడు. పూర్వపు సర్వే అనుభవం ఇక్కడ అక్కరకొచ్చింది. తెలుగు ప్రబోధకులను ఆయన పనిపై పర్యవేక్షకులుగా నియమించాడు. క్రైస్తవులతో పాటు క్రైస్తవేతరులు కూడా వేల సంఖ్యలో ఈ పనికి వచ్చారు.

పలుగు, పార పట్టినవారు తవ్వితే, తట్టలతో మట్టి మోసినవారు గట్టు పోశారు. కూలి ప్రతివారికీ సక్రమంగా చేరేలా చూడడం ప్రబోధకుల బాధ్యత. పని మధ్య విశ్రాంతి వేళల్లో, సాయంత్రాల్లో కూలీలు ఆ ప్రబోధకుల చుట్టూ చేరేవారు. వారికి ఎక్కువగా వినిపించిన వాక్యం మత్తయి సువార్తలో (11:28) శ్రమపడి బరువు మోసేవారిని క్రీస్తు తన దగ్గరకు పిలిచి విశ్రాంతినిస్తానన్న పిలుపు. తలపై మట్టితట్ట మోస్తున్నవారికి ఆ వాక్యంలో అలంకారమేమీ కనిపించి ఉండదు. ‘భారం’ అన్న మాట వారి విషయంలో వాచ్యార్థంలోనే నిలుస్తుంది. ఒక మతగ్రంథంలోని వాక్యం ఒక జనసమూహపు శరీరానుభవంతో ఇంత నేరుగా కలిసిన సందర్భాలు తెలుగు క్రైస్తవ చరిత్రలో అరుదు.

ఇందులో మరో విశేషం కూడా ఉంది. ప్రబోధకులలో అధికులు మాదిగలే. అంటే పని అప్పగించేది, కూలి లెక్క చూసేది, దేవుని మాట చెప్పేది తమ కులంవాడే. ఇదివరకు మేర కొలిచే చేయి రైతుది, పుచ్చుకునే కొంగు మాదిగది. కాలువగట్టున ఆ దూరం తగ్గింది. ఇక్కడ అందినది దానం కాదు, తవ్విన కొలతకు తగిన కూలి. కాబట్టి ఇచ్చినవాడి ముందు వంగవలసిన అవసరం కొంతైనా తగ్గింది. దేవునికి చెప్పే కృతజ్ఞతకు ఈ స్థితి కొత్త స్వభావాన్ని ఇచ్చిందని భావించవచ్చు.

6. బాప్తిస్మం నిలిపివేత, వెల్లంపల్లి:

కాలువ పని జరుగుతున్న కాలంలో బాప్తిస్మం కోరినవారు అనేకులు. క్లౌ ఒప్పుకోలేదు. కరువు సహాయం సాగినంతకాలం, సుమారు పదిహేను నెలలపాటు, బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపాడు. సహాయాన్ని ఆశించి చేరేవారు కలుస్తారన్న సంకోచమే అందుకు కారణం. ఈ నిర్ణయం చరిత్రకారునికి చాలా ముఖ్యమైన ఆధారం. ‘బియ్యం కోసం మారారు’ అన్న అనుమానం బయటివారి కంటే ముందు మిషనరీకే కలిగిందని ఇది తెలుపుతుంది.

1878లో సహాయపు పనులు ముగిశాయి. జనం మళ్లీ వచ్చారు. క్లౌ ఆత్మకథాత్మక గ్రంథం (1914) చెప్పే ప్రకారం, ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పినా వారు కదలలేదు. తమకు సహాయం అక్కర్లేదన్నారు. కష్టపడి పనిచేశామనడానికి సాక్ష్యంగా అరచేతుల్లో లేచిన బొబ్బలు చూపారు. రాబోయే పంట కూడా పోతే చనిపోతామని, చనిపోతే క్రైస్తవులుగానే చనిపోవాలని ఉందని అన్నారు.

జూలై 2న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద బాప్తిస్మాలు మొదలయ్యాయి. ఆ రోజు 614 మంది, 3న 2222 మంది, 4న 700 మంది, మూడు రోజుల్లో మొత్తం 3536 మంది బాప్తిస్మం పొందారు. బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు తెలుగు ప్రబోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో దిగారు. ఆ సంవత్సరాంతానికి కొత్తగా చేరినవారి సంఖ్య తొమ్మిది వేలు దాటింది. పంచాంగం ప్రకారం అది బహుధాన్య నామ సంవత్సరం. పేరులో ధాన్యం ఉన్నా, ఆషాఢంలో ఇంకా ఏ ఇంటికీ కొత్త పంట చేరలేదు. విత్తనం భూమిలో పడే రోజులవి. ఏమి పండుతుందో తెలియని దశలోనే వారు నదిలో దిగారు.

వారు చెప్పినట్టు నమోదైన మాటల్లో గమనించదగ్గ విషయం ఒకటుంది. అందులో పంట పండుతుందన్న ఆశాభావం లేదు. దేవుడు కరువు తీరుస్తాడన్న షరతు లేదు. పంట పోవచ్చు, చావు రావచ్చు అన్న ఎరుక స్పష్టంగా ఉంది. అయినా చేరాలన్న నిర్ణయం ఉంది. హబక్కూకు గ్రంథంలోని భావం వీరికి ఎవరైనా బోధించారో లేదో అన్నదానితో నిమిత్తం లేకుండా, ఆ ప్రవక్త తర్కమే ఇక్కడా పనిచేసింది. ఫలం అందకముందే, అందుతుందన్న హామీ లేకుండానే నిలిచే నమ్మకం ఇది. ‘తిన్న ఇంటి విశ్వాసం’ తిన్న తరువాత పుడుతుంది. ఈ విశ్వాసం తినడంతో ముడిపడలేదు.

7. ఆధారాల పరిమితులు – ‘బియ్యం క్రైస్తవులు’ అన్న వాదన:

పై వ్యాఖ్యానాన్ని యథాతథంగా స్వీకరించే ముందు కొన్ని అభ్యంతరాలు పరిశీలించాలి.

మొదటిది, ఆధారాల స్వభావం. మాదిగల మాటలు మనకు అందినది ఆంగ్లంలో, మిషనరీల కలం ద్వారా, చాలావరకు అమెరికాలోని దాతలు చదవడానికి. అరచేతి బొబ్బల గురించిన మాటలు కూడా ఘటన జరిగిన మూడున్నర దశాబ్దాల తరువాత అచ్చయినవే. వాటిలోని ప్రతిపదాన్నీ ప్రామాణికంగా తీసుకోలేం. అయితే బాప్తిస్మాలు నిలిపివేయడం, సహాయపు పనులు ముగిశాక జనం తిరిగి రావడం, నమోదైన సంఖ్యలు, ఇవి ఒకరి మాట మీద ఆధారపడినవి కావు. మాటలను పక్కన పెట్టినా చేతల క్రమం మిగులుతుంది.

రెండోది, ప్రయోజనాపేక్ష. కాలువ పని ముగిసినా, పాఠశాల, న్యాయస్థానంలో మాటసాయం, దొరతో పరిచయం వంటి ప్రయోజనాలు మిగిలే ఉన్నాయి. వాటి ఆకర్షణ లేదనడం చరిత్రకు న్యాయం కాదు. కానీ ప్రయోజనం ఉండడం వేరు, ప్రయోజనమే విశ్వాసం అనడం వేరు. అణచివేతకు గురైన సమూహం గౌరవాన్ని, చదువును, అన్నాన్ని, దేవుణ్ణి ఒకేసారి కోరుకోవడంలో వైరుధ్యమేమీ లేదు. కడుపు నిండినవారి భక్తిలో ప్రయోజనాపేక్షను వెతకని చూపు, ఆకలిగొన్నవారి భక్తిలో మాత్రమే వెతకడం పక్షపాతమవుతుంది. జాన్ సి.బి. వెబ్‌స్టర్, డంకన్ ఫారెస్టర్ వంటి పరిశోధకులు సామూహిక మతాంతరీకరణలను దళితుల స్వీయచైతన్యంలో, గౌరవాన్వేషణలో భాగంగా చూడాలని సూచించడానికి కారణం ఇదే.

మూడోది, ‘వ్యక్తిగత విశ్వాసం’ అన్న కొలమానం. మిషనరీలు ఒక్కొక్క ఆత్మలో కలిగే మార్పును ఆశించారు. ఒంగోలులో మాదిగలు కుటుంబాలుగా, పల్లెలుగా, పెద్దల మాట ప్రకారం వచ్చారు. దీనిని నమ్మకలోపంగా చూడనక్కర్లేదు. కరువులో ఒంటరిగా బతికినవాడు లేడు. కలిసి తవ్వినవారు కలిసి నమ్మారు. వారి విశ్వాసానికి సమూహమే ఆధారం.

నాలుగోది, స్త్రీల స్థానం. కొండపై ప్రార్థించిన ఐదుగురిలో తెలుగు స్త్రీలున్నారు. పల్లెపల్లెకూ తిరిగి స్త్రీలకు వాక్యం చెప్పిన ‘బైబిలు స్త్రీలు’ ఈ సంఘం పెరుగుదలకు మూలస్తంభాలు. జేమ్స్ ఎలీషా తానేటి పరిశోధన వారి పాత్రను వెలుగులోకి తెచ్చింది. అయినా నదిలో బాప్తిస్మం ఇచ్చినవారు, నివేదికల్లో పేరు నమోదైనవారు పురుషులే. కరువులో ఇంటి పొయ్యి ఆర్పకుండా కాపాడినవారి కృతజ్ఞత ఎలాంటిదో చెప్పే రాతలు బహుస్వల్పం. ఈ లోటును గుర్తించకుండా ఆ కాలపు విశ్వాసం గురించి సంపూర్ణ నిర్ధారణ చేయడం సాధ్యం కాదు.

8. కృతజ్ఞత ఆచారమైన తీరు:

కరువు జ్ఞాపకం రాతలో కంటే ఆచారంలో ఎక్కువగా నిలుస్తుంది. తెలుగు క్రైస్తవ గ్రామీణ సంఘాలలో కనిపించే కొన్ని ఆచారాలను ఈ కోణంలో చూడవచ్చు. మొదటి పంటలో కొంత భాగాన్ని ఆలయానికి తెచ్చే కోత పండుగ అందులో ఒకటి. ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు, ఏది ఉంటే అది తెచ్చి బలిపీఠం ముందు పెట్టి, ప్రార్థన తరువాత వేలం వేస్తారు. వంట చేసే ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి విడిగా ఉంచి, వారాంతంలో సంఘానికి అప్పగించే అలవాటు మరొకటి. ఇది ప్రధానంగా స్త్రీల చేతిమీదుగా జరిగేది.

ఈ ఆచారాలు కేవలం ఒంగోలుకు, కేవలం ఈ కరువుకు సంబంధించినవని చెప్పడం నా ఉద్దేశం కాదు. వేర్వేరు మిషనుల సంఘాలలోనూ ఇవి ఉన్నాయి. అయితే వీటి సామాజికార్థం గమనించదగినది. కళ్లం దగ్గర కొంగు పట్టి మేర అందుకున్న సమూహం, కోత పండుగనాడు తానే ధాన్యం తెచ్చి ఇస్తుంది. పుచ్చుకునే స్థానం నుంచి ఇచ్చే స్థానానికి జరిగిన మార్పు ఇది. ఇంకొకరికి లొంగి ఉండడానికి కారణమైన కృతజ్ఞత, ఇక్కడ గౌరవంగా తల ఎత్తుకోవడానికి కారణమైంది. పిడికెడు బియ్యం విలువ చిన్నది. కానీ ఇంట్లో ఎంత తక్కువ ఉన్నా అందులో ఇవ్వదగినది కొంత ఉందన్న భావాన్ని అది రోజూ నిలబెడుతుంది.

పాట మరొక మార్గం. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి వాగ్గేయకారులు కర్ణాటక రాగాలలో, కీర్తన రూపంలో రచించిన క్రైస్తవ గీతాలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంకలనం ద్వారా వివిధ ప్రొటెస్టెంటు సంఘాలకు చేరాయి. చదువురానివారికి వేదాంతం అందినది ఎక్కువగా పాట ద్వారానే. ‘స్తోత్రం’, ‘వందనం’, ‘మేలులు’ వంటి మాటలు రోజువారీ పలకరింపుల్లోకి వచ్చాయి. తెలుగు క్రైస్తవులు ఒకరినొకరు ‘వందనాలు’ అని పలకరించుకుంటారు. గ్రామంలో దొరకూ, రైతుకూ ఒకవైపు నుంచే పెట్టవలసిన దండం, సంఘంలో ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకునే వందనమైంది. సాక్ష్య కూటాలలో నిలబడి తన కష్టాన్ని, దేవుని మేలును సొంత మాటల్లో చెప్పుకోవడం కూడా అక్షరం లేనివారికి తమ చరిత్ర తాము చెప్పుకునే అవకాశాన్ని ఇచ్చింది. ఈ సాక్ష్యాల సంప్రదాయాన్ని మౌఖిక సాహిత్యంగా సేకరించి అధ్యయనం చేయవలసి ఉంది.

9. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. ఒంగోలు ప్రాంతంలో మాదిగల క్రైస్తవ విశ్వాసం కరువుకు కనీసం దశాబ్దం ముందే మొదలైంది. గ్రామపెద్దల ఆగ్రహాన్ని, ఆర్థిక నష్టాన్ని భరిస్తూ సాగింది. కాబట్టి 1878 నాటి బాప్తిస్మాలను కేవలం కరువు ఫలితంగా చూడలేం.

2. ‘విశ్వాసం’ అన్న పదానికి తెలుగులో ఉన్న రెండు అర్థాలు, అంటే పోషకునిపట్ల విధేయత, దైవంపట్ల నమ్మిక, ఈ చరిత్రను అర్థం చేసుకోవడానికి తోడ్పడతాయి. కరువు మొదటి అర్థానికి పునాదిని కదిలించి, రెండో అర్థానికి చోటు కల్పించింది.

3. కాలువ పనిలో అందినది కూలి. దానం కాని ఆ ప్రతిఫలం, తమవారే అయిన ప్రబోధకుల పర్యవేక్షణ, కృతజ్ఞతకు లొంగుబాటు లేని కొత్త రూపాన్నిచ్చాయి.

4. సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపడం, సహాయం ముగిశాక, పంట ఇంకా అందకముందే వేలమంది చేరడం అన్న క్రమం, ‘బియ్యం క్రైస్తవులు’ అన్న సరళీకరణను నిలవనీయదు. అయితే ఆధారాలు మిషనరీలవే కావడం, స్త్రీల మాట అందులో లోపించడం వంటి పరిమితులను దృష్టిలో ఉంచుకోవాలి.

5. కోత పండుగ, పిడికెడు బియ్యం, వందనం, సాక్ష్యం వంటి ఆచారాలు పుచ్చుకునే సమూహాన్ని ఇచ్చే సమూహంగా నిలబెట్టాయి.

కృతజ్ఞత సాధారణంగా మేలు జరిగిన తరువాత చెప్పేది. వెల్లంపల్లి వద్ద నీటిలో దిగినవారికి చెప్పుకోదగిన మేలు ఇంకా జరగలేదు. ఇంట్లో ధాన్యం లేదు, ముందు వానలకు హామీ లేదు, పదిహేను నెలల శ్రమకు చేతుల్లో మిగిలినవి బొబ్బలే. అయినా వారు వచ్చారు. వారి రాకకు కారణాలు అనేకం కావచ్చు. ఆ కారణాలలో నమ్మకం కూడా ఒకటని అంగీకరించడానికి చరిత్రకారుడు వెనుకాడనవసరం లేదు. పేదవాడి నమ్మకాన్ని నమ్మకంగా గుర్తించడం, అతని శ్రమను శ్రమగా గుర్తించడంతో సమానమైన బాధ్యత.